పై అంతస్తు కిరాయికిస్తే ఇంటి పన్ను ఎందుకంత పెరుగుతుంది?

ప్రశ్న: మిర్యాలగూడలో 150 గజాల స్థలంలో మాకు స్లాబ్ ఇల్లుంది. నిరుడు పైన ఇంకో అంతస్తు వేసి కిరాయికిచ్చాం. రెండు అంతస్తులూ ఒకే కొలత. అయినా ఇంటి పన్ను రెండింతలు దాటింది. ఇంటి మార్కెట్ ధర పెరిగిందని ఇలా వేశారా? తగ్గించుకునే దారి ఉందా?

జవాబు: ఇంటి మార్కెట్ ధర చూసి ఈ పన్ను వేయరు. తెలంగాణ మున్సిపాలిటీల్లో ఇంటి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. అది మీ చేతికొచ్చే కిరాయి కూడా కాదు. పట్టణాన్ని జోన్లుగా విడదీసి, స్లాబా రేకులా పెంకులా, నివాసమా వ్యాపారమా అన్నది చూసి, చదరపు మీటరుకు నెలకు ఇంత అని ముందే రేటు కట్టి ఉంచుతారు. ప్లింత్ ఏరియాను, అంటే కట్టడం కొలతను, ఆ రేటుతో, తర్వాత 12తో గుణిస్తారు.

మీ అంతస్తు ఒక్కోటి 100 చదరపు మీటర్లు, రేటు 10 రూపాయలు అనుకుందాం. ఒక్కో అంతస్తు విలువ 12,000. యజమాని ఉండే ఇంటికి తరుగుదలతో (కట్టడం పాతబడినందుకు ఇచ్చే తగ్గింపుతో) కలిపి 40 శాతం తగ్గిస్తారు కనుక కింది అంతస్తుకు మిగిలేది 7,200. కిరాయికిచ్చిన భాగానికి వయసు తరుగుదల ఒక్కటే: 25 ఏళ్ల వరకు 10 శాతం, 40 ఏళ్ల వరకు 20, ఆపైన 30. అంటే పై అంతస్తుకు 10,800. మొన్నటిదాకా 7,200 మీద పడిన పన్ను ఇప్పుడు 18,000 మీద పడుతోంది, రెండున్నర రెట్లు. పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు ఉంటుంది. పెంపు అంతకు మించి ఉంటేనే అనుమానించాలి.

అప్పుడు ముందు చూడాల్సింది కొలత. 150 గజాలంటే దాదాపు 125 చదరపు మీటర్లు. కట్టడం కొలత రాయాల్సిన చోట స్థలం కొలత పడితే ఒక్కో అంతస్తుకు పాతిక చదరపు మీటర్లకు ఊరికే పన్ను కడుతున్నట్టే. మీరు కొలిచేటప్పుడు టేపు బయటి గోడ అంచు నుంచి పట్టండి. ప్లింత్ ఏరియాలో గోడల మందం కూడా కలుస్తుంది, గదుల లోపలి కొలతతో వాదిస్తే నిలవదు. కింది అంతస్తు కూడా కిరాయి కింద నమోదైందా, ముందు చిన్న షట్టర్ ఉంటే ఇల్లంతా వ్యాపారం కింద రాశారా, పై అంతస్తుకు అనుమతి లేదని అదనపు పన్ను వేశారా అన్నవీ చూసుకోండి.

తప్పు కనిపిస్తే నోటీసులో ఇచ్చిన గడువు దాటకముందే పన్ను సవరించమని రాతపూర్వకంగా రివిజన్ దరఖాస్తు ఇవ్వండి. అసెస్‌మెంట్ నంబరు, అంతస్తుల వారీ కొలతలు, అనుమతి పత్రం, ప్లాన్ జతచేసి రసీదు తీసుకోండి. బిల్ కలెక్టర్‌కు నోటితో చెబితే సరిపోదు. కిరాయిదారుణ్ని దాచి మొత్తం సొంత నివాసమని మాత్రం రాయకండి. స్వీయ ధ్రువీకరణలో తప్పు చెబితే పన్నుకు 25 రెట్లు జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తున్నారు, అది వదులుకోకండి. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: పై అంతస్తు వాటాగా మీరు కట్టిన పన్నును ఆదాయపు పన్ను రిటర్నులో కిరాయి నుంచి తీసేయొచ్చు, కిరాయి ఆదాయం మీద ఇచ్చే 30 శాతం తగ్గింపు ఆ తర్వాత వస్తుంది. కట్టిన సంవత్సరానికే ఇది వర్తిస్తుంది, కాబట్టి బకాయి పెట్టకుండా మార్చిలోపే కట్టి రసీదు దాచుకోండి.