మెట్లబావిని అందరూ కలిసి బాగుచేసుకోవాలంటే

అమ్మా,

ఆశీస్సులు. మీ బస్తీలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని మునిసిపాలిటీ, ఒక కంపెనీ, మీ సంక్షేమ సంఘం కలిసి బాగుచేయాలనుకుంటున్నారని రాశావు. సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట బావి చూశాకే ఈ ఆలోచన వచ్చిందన్నావు. మంచి చోటే చూశావు. నాగన్నకుంట అని పిలిచే ఆ బావి ఏళ్ల తరబడి చెత్తకుప్పగా ఉండేది. మునిసిపల్ శాఖ, ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్టు చేయీచేయీ కలిపితే 2022 డిసెంబరులో మళ్లీ జనానికి తెరుచుకుంది. నీకు కనిపించినవి శుభ్రమైన మెట్లు. వాటి వెనకాల ఉండే కాగితాలు, మురుగు పైపులు, కరెంటు మీటర్ల గురించి రాస్తున్నాను, ఎందుకంటే పని చెడేది అక్కడే.

ముందు ఆ స్థలం ఎవరిదో తేల్చుకో. తహసీల్దారు కార్యాలయంలో టౌన్ సర్వే రికార్డు నకలు తీసుకో. బావి పక్కన గుడో దర్గానో ఉంటే భూమి దేవాదాయ శాఖదో వక్ఫ్ బోర్డుదో అయ్యే అవకాశం ఉంది, అప్పుడు మునిసిపల్ కమిషనర్ సంతకం ఒక్కటే చాలదు. సర్వేయరును పిలిపించి చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ఎదుటే హద్దులు కొలిపించు, పంచనామా మీద వాళ్ల సంతకాలు కూడా ఉండాలి. కంపెనీ లాయరు అడిగే మొదటి కాగితం ఇదే.

తర్వాత మురుగు. ఒక్క చెంబెడు పూడిక తీయకముందే బావిలోకి మురుగు ఎక్కడినుంచి దిగుతోందో కనుక్కోవాలి. చుట్టూ ఉన్న మ్యాన్‌హోళ్లలో ఒక్కోదాంట్లో రంగునీళ్లు పోయించి, బావి గోడల్లో ఎక్కడ ఆ రంగు ఊరుతుందో ఒకటి రెండు రోజులు గమనించండి. రంగు పోసేది ఒకసారికి ఒక మ్యాన్‌హోల్‌లోనే, లేకపోతే ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. నీళ్ల నమూనాలో అమ్మోనియా, నైట్రేటు, ఈ-కోలి పరీక్ష చేయించు. పగిలిన పైపు మార్చే పని జలమండలిది (నగర నీటి, మురుగు బోర్డుది), కాబట్టి వాళ్లు కూడా ఒప్పందంలో పక్షంగా ఉండాలి. వాళ్లను వదిలేసి మునిసిపాలిటీతో మాత్రమే సంతకం చేసుకుంటే, మెట్లన్నీ కడిగాక ఏడాది తిరక్కుండా మళ్లీ కంపు మొదలవుతుంది.

ఇక డబ్బు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కింద నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్సార్) పనులకు ఖర్చు పెట్టాలి. అలాంటి పనుల జాబితా అయిన ఆ చట్టం ఏడో షెడ్యూల్లో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉంది, కనుక అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మీ సంఘం చేతికే డబ్బు రావాలంటే మాత్రం చట్టం అడిగే రిజిస్ట్రేషన్లు, పని అనుభవం ఉండాలి, సీఎస్సార్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. అవి లేకపోతే అర్హత ఉన్న ట్రస్టును కలుపుకోండి. కొనసాగే ప్రాజెక్టుకు మొదలైన ఏడాది కాక ఇంకో మూడు ఆర్థిక సంవత్సరాలే గడువు. 2021 సవరణ తర్వాత సీఎస్సార్ సొమ్మును మూలనిధిగా బ్యాంకులో వేసి, వడ్డీతో బావిని చూసుకుంటామంటే కుదరదు. చాలామంది ఈ సంగతి తెలియక తెరిచిన తర్వాతి ఖర్చును గాలికి వదిలేస్తారు.

అందుకని ఒప్పందంలో నువ్వు పట్టుబట్టాల్సింది నిర్వహణ గురించే. రెండు షిఫ్టుల కాపలా, ఊడ్చే మనిషి, పంపు, దీపాల బిల్లు, వానలకు ముందు పూడికతీత, ఏడాదికి రెండుసార్లు గోడల్లో మొలిచే రావి మొక్కల కోత, మూడు నెలలకోసారి నీటి పరీక్ష. ఒక్కోదానికి ఎదురుగా ఎవరు చేస్తారు, ఎవరి పద్దులోంచి ఇస్తారు అన్నది ఐదేళ్లకు రాయించు. మునిసిపాలిటీ వాటాకు బడ్జెట్లో పద్దు నంబరు వేయించు. పార్కింగు, టీ కొట్టు, సభల అద్దె వచ్చినా తీర్మానం లేకపోతే ఆ సొమ్ము సాధారణ నిధిలో కలిసిపోతుంది. వేరే ఖాతాలో ఉంచి బావికే వాడాలని ముందుగానే తీర్మానం చేయించు. కరెంటు కనెక్షను మొదటి రోజునుంచీ మునిసిపాలిటీ పేరు మీదే ఉండాలి. కాంట్రాక్టరు పేరుతో తాత్కాలిక మీటరు పెడితే అతను వెళ్లిన నెలకే దీపాలు ఆరిపోతాయి. చీకటి పడ్డ బావిలో చెత్త పడటం మళ్లీ మొదలవుతుంది.

కాలం లెక్క కూడా చూసుకో. నీళ్లు తోడి పూడిక తీసే పని జనవరి నుంచి మే లోపే. టెండరుకు, అనుమతులకు మూడు నాలుగు నెలలు పోతాయి గనుక సెప్టెంబరు కల్లా సంతకాలు అయిపోవాలి. మార్చిలో సంతకం చేస్తే కంపెనీకి ఆ ఆర్థిక సంవత్సరం లెక్క సరిపోతుందేమో గానీ నీకు వాన అడ్డొస్తుంది.

నీళ్లు ఒకేసారి తోడనివ్వకు. బావిలో నీళ్లున్నంతసేపూ అవి గోడను లోపలినుంచి ఆపుతాయి. గోడ వెనక తడిసిన మట్టి బరువు అలాగే ఉండగా నీటిని గబగబా దించేస్తే రాళ్లు లోపలికి ఒరుగుతాయి. రోజుకు అడుగుకు మించకుండా దించుతూ, పగుళ్ల మీద గాజు పట్టీలు అతికించి అవి చిట్లుతున్నాయా అని ఉదయం సాయంత్రం చూడమను. చిట్లితే పంపు ఆపి ఇంజనీరును పిలవాలి. అడుగున విషవాయువులు ఉంటాయి, మీటరుతో కొలవకుండా ఎవరినీ దింపవద్దు. ఈ విషయంలో కాంట్రాక్టరు ఎంత తొందర పెట్టినా ఒప్పుకోకు.

రాతి సందుల్లో సిమెంటు వేయనివ్వకు. అది తేమను లోపల బంధిస్తుంది, రాయి అంచులు పెచ్చులూడతాయి. వారాల తరబడి నీళ్లలో మాగిన సున్నం ఒక పాలు, ఇసుక, సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి మూడు పాళ్లు చొప్పున ముందు చిన్న చోట వేసి చూడాలి. తడి గోనెలు కప్పి మెల్లగా ఆరనివ్వాలి. రావి వేళ్లను పీకితే వాటితో రాళ్లూ వస్తాయి. మొదలు కోసి, మందు పెట్టి, వేరు చచ్చాక ఆ ఖాళీని సున్నంతో నింపాలి. గోల్కొండ మెట్లబావులకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. వాటిమీద పనిచేసిన మేస్త్రీల్లో ఒకరైనా మీ పనికి దొరుకుతారేమో గట్టిగా ప్రయత్నించు. తక్కువ ధర కోట్ చేసిన మామూలు సివిల్ కాంట్రాక్టరు ఈ పనికి పనికిరాడు. టెండరులో సున్నపు పని అనుభవాన్ని షరతుగా పెట్టించు.

బావి చుట్టూ బండ్ల మీద అమ్ముకునేవాళ్లను ఒక్క మాటైనా చెప్పకుండా అక్కడినుంచి లేపేయాలని చూస్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా అలా చేయకూడదు. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వాళ్లవే. వాళ్లతో ముందే కూర్చుని, పని జరిగేటప్పుడు ఎక్కడ నిలబడాలి, అయ్యాక ఎవరికి ఏ చోటు అన్నది రాసుకోండి. పొద్దున్నించి రాత్రిదాకా అక్కడ ఉండేది వాళ్లే. బావిని కనిపెట్టుకుని ఉండేదీ వాళ్లే.

టౌన్ సర్వే నకలు, చుట్టూ ఉన్న మ్యాన్‌హోళ్ల పటం తెచ్చుకున్నాక ఒప్పందం ముసాయిదా నాకు పంపు. నిర్వహణ పట్టికలో ఎదురుగా పేరు లేని గడి ఒక్కటున్నా సంతకం పెట్టకుండా ఆగు.

ఇట్లు,
నీ పెదనాన్న