బిళ్ళలు కాదు, మందులు లెక్కపెట్టుకో

చి.ల.సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. వాట్సాప్‌లో నువ్వు పంపిన చీటీ, రెండు స్ట్రిప్పుల ఫోటోలు చూశాను. ఫోన్లో చెబితే సగం మాట మీ కుక్కర్ విజిల్లోనే కొట్టుకుపోతుంది, అందుకని తీరిగ్గా రాస్తున్నా. మోకాలి గుజ్జు అరిగిందని డాక్టర్ అనగానే అంత బెంబేలు పడకు. మా వీధిలో యాభై దాటిన ఆడవాళ్ళలో మోకాళ్ళు పట్టుకోకుండా లేచేవాళ్ళు ఎవరో చెప్పు చూద్దాం. నా మోకాళ్ళూ నీకు తెలిసినవే. ఒక్క సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకో. అరిగిన గుజ్జు ఏ బిళ్ళతోనూ తిరిగి రాదు. నొప్పి తగ్గుతుంది, నడక సులువవుతుంది, అంతవరకే.

నీకు రాసినవి రెండు బిళ్ళలు. వాటిలో ఉన్న మందులు నాలుగు. ఒకదాంట్లో ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325. రెండోదాంట్లో డయాసెరిన్ 50, గ్లూకోసమైన్ 750. ఉద్యోగమంతా సర్కారు దవాఖాన ఫార్మసీ కిటికీ వెనకే గడిపినదాన్ని కాబట్టి అంటున్నా, ఇలాంటి కలిపిన మందులతో వచ్చే చిక్కంతా ఇక్కడే. మనం బిళ్ళల్ని లెక్కపెడతాం, మందుల్ని లెక్కపెట్టం. పొద్దున ఈ బిళ్ళ వేసుకుంటావు. మధ్యాహ్నం తలనొప్పి అని ఇంట్లో ఉన్న కాంబిఫ్లామ్ ఒకటి మింగుతావు. అందులో ఐబుప్రొఫెన్ 400, మళ్ళీ పారాసెటమాల్ 325. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రెండూ ఒక జాతి నొప్పి మందులు. రెండూ కలిస్తే నొప్పి రెండింతలు తగ్గదు, కడుపులో పుండు పడే భయం మాత్రం పెరుగుతుంది. జ్వరం వచ్చి డోలో వేసుకున్నా ఈ బిళ్ళలో ఉన్న పారాసెటమాల్‌ను కూడా కలిపి చూసుకోవాలి. పెద్దవాళ్ళకు అన్నీ కలిపి రోజుకు నాలుగు గ్రాములు ఆఖరి హద్దు. లివర్ బాగాలేనివాళ్ళకు, బక్కగా ఉన్నవాళ్ళకు అంతకన్నా చాలా తక్కువ. కలిపిన బిళ్ళల్లో పారాసెటమాల్ 325 మించకూడదని మన ప్రభుత్వం 2011లో ఆదేశం ఇచ్చిందీ లివర్ కోసమే.

పంటి డాక్టర్ సంగతి విడిగా చెప్పాలి. పన్ను పీకించుకుంటే చాలాచోట్ల రాసిచ్చేది కూడా ఇదే ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ జంట. పేరు వేరుగా ఉంటుంది, స్ట్రిప్ రంగు వేరుగా ఉంటుంది. రెండు చీటీలవీ శ్రద్ధగా వేసుకుని ఒకటే మందు రెండింతలు మింగినవాళ్ళు మా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎసిక్లోఫెనాక్ రోజు మొత్తానికి 200 దాటకూడదు, అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తిన్న తర్వాతే. పరగడుపున చాయ్‌తో మింగే అలవాటు నీకుంది, అది మానుకో.

స్ట్రిప్ చదవడం నేర్చుకో బిడ్డా. వెండి రేకు వైపు తిప్పితే పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో లోపల ఏమేం ఉన్నాయో ఉంటుంది. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకో. షాపువాడు నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చాడంటే ఆ అక్షరాలు, గడువు తేదీ అవతలి ముక్కలోనే ఉండిపోతాయి, అందుకే పూర్తి స్ట్రిప్ అడుగు. "అదే అమ్మా, కంపెనీ వేరు" అని చేతిలో పెడితే బిల్లు కట్టకముందే చీటీతో పోల్చి చూడు. పేరు చివర పి, అంటే పారాసెటమాల్, అని ఉన్నదానికి బదులు ఎస్‌పి ఇస్తారు. ఎస్ అంటే సెర్రాషియోపెప్టిడేజ్, వాపు తగ్గడానికని కలిపేది. అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. జపాన్‌లో ఆ మందును మార్కెట్లోకి తెచ్చిన కంపెనీయే 2011లో వెనక్కి తీసుకుంది. నీ చీటీలో లేదు కాబట్టి నీకు అక్కర్లేదు.

ఇక అసలు భయం. నీ బీపీ బిళ్ళ ఫోటో కూడా చూశాను, అదీ జంట మందే. టెల్మిసార్టన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్, అంటే మూత్రం ఎక్కువగా పోయించే మందు. ఈ రెండింటికి ఎసిక్లోఫెనాక్ తోడైతే కిడ్నీల మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. బీపీ కూడా పెరగవచ్చు. మోకాళ్ళు చూసిన డాక్టర్‌కు నీ బీపీ మందు పేరు చెప్పావా? బీపీ ఉందని చెప్పడం వేరు, మందు పేరు చెప్పడం వేరు. ఈ వారమే వెళ్ళి చెప్పు. కిడ్నీ పనితీరు చెప్పే సీరమ్ క్రియాటినిన్, దాంతో పాటు పొటాషియం పరీక్షలు ఇప్పుడొకసారి, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఇంకోసారి చేయించాలా అని అడుగు. అంతేగానీ నా ఉత్తరం చదివి బీపీ బిళ్ళ మానేశావో, ఊరుకోను.

మన ఎండాకాలం తెలిసిందేగా. పెళ్ళిళ్ళని ఫంక్షన్ హాళ్ళ చుట్టూ తిరుగుతూ, బాత్రూమ్ బాగుండదని నీళ్ళు తాగకుండా ఉండే ఆడవాళ్ళకే ఈ జాతి నొప్పి మందులు ఎక్కువ చెరుపు చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే ఏర్పాటునే ఇవి అడ్డుకుంటాయి మరి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు నొప్పి బిళ్ళ ఆపి డాక్టర్‌కు ఫోన్ చెయ్యి, బీపీ బిళ్ళ సంగతీ అప్పుడే అడుగు. ఇదే జాతిలోని డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పోయి గుట్టలుగా చచ్చాయి. పశువులకు ఆ మందు వాడొద్దని 2006లో నిషేధించారు. నీ ఎసిక్లోఫెనాక్ కూడా పశువుల ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గా మారుతుందని తేలి, 2023లో దాన్నీ పశువైద్యంలో నిషేధించారు. మనం రాబందులం కాములే, అయినా పప్పుబెల్లాల్లా మింగే మందు కాదని తెలియడానికి చెప్పాను.

"గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నా కదా పెద్దమ్మా" అంటావు. వేసుకో. పాంటోప్రజోల్ పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే దాని పని అది చేస్తుంది. కానీ అది కాసేది కడుపును. కిడ్నీని కాయదు, గుండెను కాయదు, బీపీని ఆపదు.

రెండో బిళ్ళకు వద్దాం. డయాసెరిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలదాకా తేడా తెలియకపోవచ్చు. ఈలోగా మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది, అది మందు రంగే. కామెర్లని పసరు మందుకు పరుగెత్తకు. విరేచనాలైతే మాత్రం సర్దుకుంటుందిలే అని ఊరుకోవద్దు. సునాముఖి ఆకు తెలుసుగా, ఇదీ ఆ తరహా రసాయనమే. అందుకే యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో కొన్ని హద్దులు పెట్టింది. మొదట్లో రోజుకు 50 మాత్రమే, విరేచనాలైతే వెంటనే ఆపెయ్యడం, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు అసలు ఇవ్వకపోవడం, 65 దాటినవాళ్ళకు వద్దని సలహా. నీకేమో మొదటి రోజు నుంచే రెండు పూటలా అని రాసి ఉంది. మొదట రాత్రి భోజనంతో ఒకటే చాలునా అని అడుగు, తప్పేం లేదు. పైగా నువ్వు మూత్రం మందు మీద ఉన్నదానివి, విరేచనాలు తోడైతే పొటాషియం పడిపోతుంది.

గ్లూకోసమైన్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అమెరికా కీళ్ళ డాక్టర్ల సంఘం 2019లో మోకాళ్ళ అరుగుదలకు అది వాడొద్దనే చెప్పింది. మామూలుగా దాన్ని రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. నీకు రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయని మీ అమ్మ అనేది, ఆ మాట డాక్టర్ చెవిన వెయ్యి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది నీ మెసేజ్‌లో ఆఖరి వాక్యం. మీ అత్తగారు మోకాళ్ళంటే నీ స్ట్రిప్పుల్లోంచి చెరో బిళ్ళ ఇచ్చావా! ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు, గుండెకు స్టెంట్ వేశారు, రోజూ ఎకోస్ప్రిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, వేసుకుంటారు. దాని మీద ఎసిక్లోఫెనాక్ పడితే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఈ జాతి మందులే మంచివి కావు. డయాసెరిన్ ఆవిడ వయసుకే వద్దన్నారు. ఇకమీదట ఆవిడకు బిళ్ళ ఇవ్వకు. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ పనికొస్తుందేమో వాళ్ళ గుండె డాక్టర్‌నే అడుగు. పైన రాసే మందు రక్తంలోకి చాలా తక్కువగా పోతుంది. ఆ మాటకొస్తే నీకు కూడా ముందు జెల్ రాసి, చాలకపోతే బిళ్ళ ఇవ్వాల్సింది. అడిగి చూడు.

మలం తారులా నల్లగా వచ్చినా, కాళ్ళు వాచినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా ఈ రెండు మోకాలి బిళ్ళలూ ఆపి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఐరన్ బిళ్ళలకూ మలం నల్లబడుతుంది, కానీ అదేలే అని నీకు నువ్వే తేల్చుకోకు. ఛాతీ నొప్పి వచ్చినా, నెత్తురు వాంతి అయినా ఉత్తరాలూ ఫోన్లూ వద్దు, 108కి చెయ్యి.

ఎసిక్లోఫెనాక్ ఎన్ని రోజులో చీటీలో లేదు. అదడగకుండా బయటికి రాకు. నొప్పి ఎక్కువగా ఉన్న నాలుగు రోజులు వేసుకుని, తగ్గగానే ఆపే మందు అది. సద్దుల బతుకమ్మ నాడు రెండు గంటలు తిరగాలని ముందుగానే ఒకటి వేసుకుంటానన్నావు. వద్దు, కాసేపు ఆడి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టు. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది అంకెలు లెక్కపెట్టి దించే వ్యాయామం రోజూ చెయ్యి, తొడ కండ గట్టిపడితే మోకాలికి భారం తగ్గుతుంది. ఒక కిలో తగ్గితే అడుగుకు నాలుగు కిలోల బరువు మోకాలి మీద తగ్గుతుందని కొలిచి చెప్పారు. మీ ఆయన తెస్తానన్న ఆ పేరులేని పొడి మాత్రం ఇంట్లోకి రానివ్వకు. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలుపుతారు, అందుకే రెండు రోజుల్లో లేచి పరుగెత్తిస్తాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, థైరాయిడ్‌దీ, కాల్షియందీ వదలకుండా ఒక సంచిలో వేసి తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పరిచి పెట్టు. మీ అత్తగారి మందుల ఫోటోలు నాకు ఈ రాత్రికే పంపు, రేకు వైపువి.

మీ పెద్దమ్మ
నల్లకుంట, హైదరాబాద్