సెలవు వద్దు, రాజీనామా పెట్టు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, కడియం నుంచి మీ పెద్దమామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ఆఫీసులో ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి, ఇక్కడ నర్సరీ నడిపి చూస్తానని, కుదరకపోతే తిరిగి హైదరాబాద్ వెళ్లిపోతానని రాశావు. మీ నాన్నకు ఈ ఏర్పాటు బాగా నచ్చిందట. నాకు నచ్చలేదు.

ఆరు నెలల్లో నర్సరీలో నీకు కనిపించేది ఖర్చు ఒక్కటే. జూన్, జూలైల్లో మామిడి టెంకలు నాటి, అంట్లు కట్టి, అతుక్కున్నవి ఏరి, సంచుల్లో పెంచి అమ్మకానికి పెట్టేసరికి మరుసటి తొలకరి వస్తుంది. ఈలోగా మట్టికి, సంచులకు, షేడ్‌నెట్‌కు, కూలీలకు డబ్బు పోతూనే ఉంటుంది. ఒకటో తారీఖు వచ్చినప్పుడల్లా పాత జీతం గుర్తొస్తుంది. సెలవు ముగిసేనాటికి మొక్కలు అమ్మకానికి రావు, ఆఫీసువాళ్లు మాత్రం రమ్మని కబురు పెడతారు. అప్పుడు వెళ్లిపోతే, నర్సరీ గిట్టుతుందో లేదో తెలుసుకోకుండానే వెళ్లిపోయినట్టు.

మామిడి అంటు కట్టడం నువ్వు దూరం నుంచి చూశావే గానీ దగ్గర కూర్చుని చూడలేదు. టెంక మొలిచి, లేత ఆకులు ఇంకా రాగి రంగులో ఉండగానే మొలక తల కోసేస్తారు. కాడను నిలువునా చీల్చి, అడుగున రెండు వైపులా ఏటవాలుగా చెక్కిన కొమ్మను అందులో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేస్తారు. తెగిన తల మళ్లీ అతకదు. అయితే ఆ కత్తి పట్టుకోవడానికి వారం పది రోజుల ముందే తల్లి చెట్టు మీద కొమ్మను ఎంచి, దాని ఆకులు తుంచి, మొగ్గ ఉబ్బేదాకా ఆగుతారు. తొందరపడి పచ్చికొమ్మ తెచ్చి కట్టినవాడికి చాలావరకు ఎండుపుల్లలే మిగులుతాయి. అంటు పట్టాక కూడా కట్టు కింద నుంచి టెంక మొక్క చిగుళ్లు వేస్తూనే ఉంటుంది. చూడటానికి అవే బలంగా ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే పైన కట్టిన బంగినపల్లి చచ్చి, కింద ఊరూపేరూ లేని పుల్లమామిడి మిగులుతుంది.

నీ విషయంలోనూ వరస ఇదే. ముందు మే నెలలో రెండు వారాలు వచ్చి ఉండు. కాలువలు కట్టేసి, బోరు నీళ్ల మీద నెట్టుకొచ్చే రోజుల్లో, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి నీళ్లు పెట్టి చూడు. సంక్రాంతికి వచ్చి చామంతుల మధ్య ఫోటోలు దిగడం లెక్కలోకి రాదు. ఆ రెండు వారాల తర్వాత కూడా మనసు ఇటే ఉంటే, అప్పుడు సెలవు కాదు, రాజీనామా. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యి. ఉద్యోగాల వెబ్‌సైట్లలో నీ వివరాలు తీసెయ్యి. ‘ఊరికే ఉంచాను, పోయేదేముంది’ అనకు. రాత్రి పదింటికి వాటిని తెరిచి చూసుకోవడమే పోయేది.

ఇక తెంచకూడనివి. అంబాజీపేట కొబ్బరితోట అమ్మి పెట్టుబడి పెట్టిస్తానని మీ నాన్న అన్నాడట. వద్దు. అది మీ అమ్మానాన్నలకున్న ఆధారం, నీది కాదు. నీ పట్టుదలకు వాళ్ల తిండి పందెం కాకూడదు. ఓడలు తగలబెట్టాడని అందరూ ఉదాహరణగా చెప్పే స్పెయిన్ సేనాని ఎర్నాన్ కోర్తెస్ 1519లో మెక్సికో తీరంలో నిజానికి వాటిని తగలబెట్టలేదు. తెరచాపలు, తాళ్లు, ఇనుప సామాను ఒడ్డుకు దించి దాచుకుని, ఖాళీ ఓడలను పాడుచేశాడు. 1521లో అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ చుట్టూ ఉన్న సరస్సులో యుద్ధానికి 13 చిన్న నౌకలు కట్టించినప్పుడు ఆ సామానే అక్కరకొచ్చింది. ఆయన చేసిన దోపిడీ సంగతి వేరు. సామాను దాచుకున్న తెలివి మాత్రం నేర్చుకోదగ్గదే.

మనం తెంచుకున్నది పక్కవాడికీ తగలకూడదు. మన డెల్టాలో రొయ్యల చెరువులు తవ్వినవాళ్లను చూడు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక ఎంతమంది వరిచేలు తవ్వేశారో! ఉప్పునీళ్లు పెట్టిన నేల మళ్లీ వరికి లొంగడం కష్టం. వాళ్ల నేల వాళ్లిష్టం అనుకుందామా అంటే, ఊటకు గట్టు అవతలివాడి చేను కూడా చౌడు తేలుతుంది. ఆ పక్క రైతును అడిగినవాళ్లు లేరు.

ఏడాది ఇంటి ఖర్చు విడిగా మీ అమ్మ పేరున బ్యాంకులో వెయ్యి. మొక్కలు చస్తున్నా అందులో చెయ్యి పెట్టకు. ఇది వెనక్కి పోవడానికి కాదు. చేతిలో రూపాయి ఆడనివాడు ఎదగని మొక్కను వ్యాపారి చెప్పిన ధరకు, అదీ అరువుకు, లారీ ఎక్కించేస్తాడు.

కాలువ పక్క ఎకరం నేలకు రైతుతో మాట్లాడి ఉంచాను. ఆయన ఏడాదికి ఇస్తానంటే నేనే మూడేళ్లకు అడిగాను. ధవళేశ్వరంలో కాలువలకు నీళ్లు వదిలేలోగా కాగితం రాసుకోవాలి. కౌలుదారు సంతకం నీది, సాక్షి సంతకం నాది. మేలో వచ్చేటప్పుడు ఆధార్ కార్డు తెచ్చుకో.

మీ పెద్దమామయ్య