నాన్న సంపాదకీయం, కొడుకు యూట్యూబ్: మధ్యలో అమ్మ

ప్రశ్న: మావారు విశ్రాంత ఉపాధ్యాయులు, డెబ్భై ఏళ్లు. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాలు చదువుతూ పెరిగారు. జనం ఆలోచనను మార్చగలిగింది అలాంటి సంపాదకులేనంటారు. ఇప్పుడంతా ప్రొఫెసర్ నాగేశ్వర్ లాంటి వారి యూట్యూబ్ విశ్లేషణలే వింటున్నారని హైదరాబాద్‌లో ఉంటున్న మా అబ్బాయి వాదన. ఎన్నికలప్పుడు మొదలైన ఈ వాదన ముదిరి, నెల రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది సరైనదో నన్ను తేల్చమంటున్నారు.

జవాబు: తీర్పు మాత్రం చెప్పకండి. మీరు ఎవరి వైపు మొగ్గినా రెండోవారికి ఇంట్లో ఒంటరినయ్యానని అనిపిస్తుంది.

నిజానికి ఇది తేలే లెక్క కాదు. విజయవాడలో 1960లో ఆంధ్రజ్యోతి మొదలైనప్పుడు దాన్ని నడిపిన నార్ల గారి మాట, ఒక్క ప్రతిని పదిమంది చదువుకునే రోజుల్లో ఎంత దూరం పోయిందో ఎవరు కొలవగలరు? అబ్బాయి చూపించే వ్యూస్ కూడా వీడియో ఎన్నిసార్లు చూశారో చెబుతాయి తప్ప, ఎందరి మనసు మారిందో చెప్పవు. పైగా మనం చూసేవాటికి దగ్గరగా ఉన్నవే యూట్యూబ్ మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది. దాంతో లోకమంతా అదే చూస్తోందనిపిస్తుంది.

1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీ ఓటర్లను నెలల తరబడి, మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడింది. పత్రికలు, రేడియో కారణంగా ఓటు మార్చుకున్నవారు కొద్దిమందే. ఇంట్లోవాళ్ల, స్నేహితుల, ఇరుగుపొరుగు వారి మాటే ఎక్కువ పనిచేసిందని తేలింది.

మీ ఇంటి బాధ కూడా ఈ ఇంట్లోవాళ్ల మాట దగ్గరే ఉందని నాకు అనిపిస్తోంది. మీ వారు జీవితమంతా పాఠం చెప్పారు. ఊళ్లో ఏ సందేహమొచ్చినా ఆయన్నే అడిగి ఉంటారు. కన్నకొడుకు లోకం గురించి తెలుసుకోవడానికి ఫోను వైపు తిరిగితే, తన అవసరం తీరిపోయిందనుకుని ఉంటారు. అబ్బాయికీ ఒక కోరిక ఉంది: తనూ ఆలోచించగల మనిషినేనని నాన్న ఒప్పుకోవాలి. ఇద్దరూ ఈ మాట పైకి చెప్పలేక విశ్లేషకుల పేర్లు పట్టుకుని పోట్లాడుతున్నారు. ఒక్క ఉత్తరం చదివి చెబుతున్నాను కనుక, ఇది మీ ఇంటికి సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

ఇకపై ఒకరి మాట మరొకరికి మోయకండి. ఈ మౌనం మిమ్మల్ని ఎంత బాధపెడుతోందో మాత్రం ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు పోలవరం లాంటి ఒక్క విషయం తీసుకోమనండి. దానిపై వచ్చిన సంపాదకీయాన్ని నాన్న చదివి వినిపించాలి, అబ్బాయి తనకు నచ్చిన విశ్లేషణ పెట్టాలి. పూర్తయ్యేదాకా రెండోవారు అడ్డు రాకూడదు. ఎవరు గొప్ప అన్న ప్రశ్న ఎత్తకుండా, ఏది నమ్మదగ్గదిగా ఉందో, ఎందుకో మాట్లాడుకోనివ్వండి. భోజనాల దగ్గర మాత్రం వద్దు.

మొదటి ఫోను అబ్బాయినే చేయమనండి. ఈ వయసులో తానుగా మౌనం వీడటం మీ వారికి ఎక్కువ కష్టం. ఆయన పొడిపొడిగా జవాబిచ్చినా ఫోను పెట్టేయవద్దని అబ్బాయికి ముందే చెప్పండి.