ఎరుపు చూస్తే కళ్ళు మూసుకుంటున్నాడు, మొండితనమేనా?

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. ఎరుపు, ముదురు పసుపు చూస్తే కళ్ళు మూసుకుని "గుచ్చుకుంటోందమ్మా" అంటాడు. పెరుగన్నానికి ఆవకాయ ఎరుపు అంటితే ఆ ముద్ద పక్కన పెట్టేస్తాడు. మా అత్తగారు ఎర్ర పట్టుచీర కడితే దగ్గరికి వెళ్ళడు, ఆవిడ చాలా బాధపడుతున్నారు. మొన్న పెళ్ళిలో స్టేజీ లైట్ల దగ్గర గోల చేసి, ఇంటికొచ్చి వాంతి చేసుకుని పడుకున్నాడు, లేచాక మామూలే. అత్తగారు దిష్టి అంటారు. మావారు ఒకసారి మొండితనమని కొట్టారు, ఇప్పుడేమో కలర్ బ్లైండ్‌నెస్ అంటున్నారు. నాకసలే మైగ్రేన్, ఈ టెన్షన్‌తో ఎక్కువైంది. వచ్చే నెల వాడి పుట్టినరోజు, చుట్టాలంతా వస్తారు. ఏం చేయమంటారు? - ఒంగోలు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మొండికేసే పిల్లాడు వద్దంటాడు, నచ్చలేదంటాడు. "గుచ్చుకుంటోంది" అని తనకెలా ఉందో చెప్తున్నాడంటే వాడికి నిజంగానే ఏదో అవుతోంది. కాబట్టి ఇంకోసారి చెయ్యి చేసుకోవద్దని మీవారికి గట్టిగా చెప్పండి. కొడితే రంగు గుచ్చుకోవడం ఆగదు, ఆ సంగతి మీకు చెప్పడం మాత్రం మానేస్తాడు, అప్పుడు మనకు ఏ ఆధారమూ మిగలదు.

మీరు మామూలుగా రాసేసిన రెండు విషయాల దగ్గరే నేను ఆగిపోయాను. మీకు మైగ్రేన్ ఉంది, వాడు లైట్ల దగ్గర గోల చేసి, వాంతి చేసుకుని, నిద్రపోయి లేచాక తేలికపడ్డాడు. మైగ్రేన్ అంటే ఒక పక్క తల పగిలిపోయే నొప్పి అనుకుంటాం గానీ, పిల్లల్లో చాలాసార్లు నుదురంతా నొప్పిగా ఉంటుంది, చిన్నవాళ్ళైతే తల సంగతే ఎత్తకుండా కడుపులో తిప్పుతోందంటారు, వెలుతురు భరించలేరు. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు కూడా. అదే అని నేను తేల్చలేను, నేను కౌన్సెలర్‌ని, డాక్టర్‌ని కాదు. కానీ పిల్లల డాక్టర్‌కి చూపించేటప్పుడు ఈ రెండూ తప్పకుండా చెప్పండి. రంగును బట్టి బాధ మారుతుందా అని మీవారు అడిగితే, మారుతుందనే చెప్పండి. 2016లో హార్వర్డ్ పరిశోధకులు మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఒక్కో రంగు వెలుతురు విడిగా చూపించారు. నీలం, ఎరుపు లాంటివి నొప్పి పెంచాయి, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది పెట్టింది.

కలర్ బ్లైండ్‌నెస్ వేరు. అందులో రంగుల తేడా సరిగ్గా తెలియదు, అంతే గానీ నొప్పి ఉండదు.

స్టేజీ లైట్ల విషయంలో ఇంకో జాగ్రత్త. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారిమారి మెరిసేసరికి దాదాపు 700 మంది, ఎక్కువగా పిల్లలు, ఆస్పత్రి పాలయ్యారు, కొందరికి ఫిట్స్ వచ్చాయి. మీరు రాసినదాంట్లో అలాంటి లక్షణాలు లేవు. అయినా వాడు ఎప్పుడైనా రెప్పలు టపటపా కొట్టుకుంటూ, పిలిచినా పలక్కుండా కొన్ని సెకన్లు ఉండిపోయినా, చేతులు ఉలిక్కిపడినట్టు ఎగిరినా ఆలస్యం చేయకుండా పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.

అలాంటివేవీ లేకపోతే ముందు కంటి డాక్టర్‌కి చూపించండి. మన ఎండలకి, దుమ్ముకి మగపిల్లల్లో కంటి అలర్జీ ఎక్కువ, దానివల్ల కూడా వెలుతురు పడదు. కళ్ళు నులుముకుంటున్నాడా, నీళ్ళు కారుతున్నాయా, ఎండలోకి రాగానే ఒక కన్ను మూస్తున్నాడా చూసి చెప్పండి. ఇంట్లో మీరు కనిపెట్టాల్సింది ఇంకోటుంది, అది డాక్టర్ కూడా మీ అంత బాగా చూడలేరు. వాడికి పడనిది రంగా, మెరుపా? అదే ఎరుపు పాత నూలు తువ్వాల మీద ఉంటే ఊరుకుంటున్నాడా, జరీ ఉన్న పట్టు మీద, ఫోన్ తెర మీద అయితేనే కళ్ళు మూసుకుంటున్నాడా? పొద్దున్న పర్వాలేదు గానీ బడి నుంచి అలసిపోయి వచ్చాక పడటం లేదా? ఆవకాయ ముద్ద సరదాగా కళ్ళు మూసి పెడితే తింటున్నాడా? తింటే రంగు, తినకపోతే కారమో వాసనో అయ్యుండొచ్చు. బలవంతం మాత్రం వద్దు. రోజూ రెండు ముక్కలు నోటుబుక్‌లో రాసుకోండి.

ఎవరో ఒకరు ఆటిజం అనే మాట అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో వెలుతురు, చప్పుడు ఎక్కువగా తగలడం మామూలే, కానీ ఈ ఒక్కటి చూసి ఆ మాట అనకూడదు. మాటల్లో, తోటి పిల్లలతో కలవడంలో కూడా తేడా అనిపిస్తే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదలలో తేడాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం, ఉందేమో కనుక్కోండి, అక్కడ ఉచితంగా చూస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మే రంగు కళ్ళద్దాలు కొని పెట్టేయకండి. ఇంట్లో కూడా అవి పెట్టుకుని తిరిగితే వెలుతురు ఇంకా పడకుండా పోతుంది.

ఇక మీ అత్తగారు. మనవడు దగ్గరికి రాకపోతే ఏ నాయనమ్మకైనా ప్రాణం చివుక్కుమంటుంది, ఆవిడ బాధని తేలిగ్గా తీసుకోకండి. "అత్తయ్యా, వాడికి మీరంటే ప్రాణం, ఆ చీర మెరుపే కళ్ళకి పడట్లేదు, లేతరంగు నూలుచీర కట్టుకుని పిలిచి చూడండి" అని మీరే చెప్పండి. వాడు వచ్చి ఒళ్ళో కూర్చుంటే ఆవిడకి ఇంకేం వివరించక్కర్లేదు. దిష్టి తీస్తానంటే ఉప్పుతో తీయనివ్వండి. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు ముఖం ముందు తిప్పడం, మిరపకాయల పొగ పెట్టడం మాత్రం ఈ కళ్ళకి వద్దని చెప్పండి.

పుట్టినరోజు పగటిపూట పెట్టుకోండి. మెరిసే సీరియల్ లైట్లు వద్దు, కుంకుమ బదులు గంధం బొట్టు చాలు, బట్టలు వాడినే ఎంచుకోనివ్వండి. వచ్చేవాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పి, ఫోటోలకి ఫ్లాష్ వాడొద్దనండి. మధ్యలో లోపలికెళ్ళి పడుకుంటానంటే పంపేయండి, కేకు తర్వాతైనా కోయొచ్చు.