స్ట్రోకుల సంగతి తర్వాత, ముందు మోచేయి గీయి

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. ఒకప్పుడు అమెరికన్ పత్రికలకి కవర్ బొమ్మలు వేసిన జె.సి. లైన్‌డెకర్ స్ట్రోకులు పడే డిజిటల్ బ్రష్ ఎక్కడో దొరికిందని, రాత్రంతా కూర్చుని వేసినా అతని బొమ్మలా రావట్లేదని రాశావు. రాదమ్మా. అతని పనిలో ఆ స్ట్రోకు ఆఖరున వచ్చేది, నువ్వు దాంతోనే మొదలుపెట్టావు.

అతను 1874లో జర్మనీలో పుట్టాడు, 1882లో ఇంట్లోవాళ్లతో షికాగో వచ్చాడు. కుర్రతనంలోనే అచ్చు కోసం బొమ్మలు చెక్కే ఒక ఎన్‌గ్రేవింగ్ కంపెనీలో పనికి చేరి, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ వాండర్‌పోల్ దగ్గర మనిషి శరీరం గీయడం నేర్చుకున్నాడు. 1896లో తమ్ముడు ఫ్రాంక్‌తో పారిస్ వెళ్లి అకాడమీ జూలియన్ అనే ఆర్ట్ స్కూల్లో చేరితే అక్కడా మళ్లీ అదే, మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని గీయడం.

కవర్ పని వస్తే ముందు చిన్న చిన్న ఐడియా స్కెచ్‌లు వేసేవాడు. ఫోటో చూసి వేయడం అతనికి పడదు, మోడల్‌ని పిలిచి చేయి విడిగా, తల విడిగా, బట్ట ముడత విడిగా, ఒకే కాన్వాస్ ముక్క మీద ఇరికించి ఆయిల్‌లో స్టడీలు చేసేవాడు, వాటిలో కుదిరినవి ఏరుకుని గళ్లు కొట్టి పెద్ద కాన్వాస్‌కి ఎక్కించేవాడు. అదంతా అయ్యాక గానీ నూనె, టర్పెంటైన్ కలిపిన జారుడు రంగుతో ఆ వెడల్పాటి గీతలు పడేవి కావు. చూసేవాళ్లకి అదేదో చకచకా కానిచ్చేసినట్టు ఉంటుంది. చొక్కా చేతి ముడతలు పెద్దది చేసి చూడు, లోపల మోచేయి ఎక్కడుందో తెలిసిపోతుంది. నీ బొమ్మలో ముడతలు బ్రహ్మాండంగా ఉన్నాయి, మోచేయే లేదు.

కాబట్టి ఈ నెల ఆ బ్రష్ జోలికి పోకు. మీ నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి పెన్సిల్‌తో గీయి. కూర్చోగానే నిద్రపోతారు, ఇంకా మంచిది, కదలరు.

ఇక రెండోది. ఒక కంపెనీ నెలజీతం ఇస్తానంటోందనీ, ఇంకెవరికీ గీయకూడదంటోందనీ అన్నావు. లైన్‌డెకర్ సాటర్డే ఈవినింగ్ పోస్ట్ అనే అమెరికన్ వారపత్రికకి 1899లో మొదటి కవర్ వేశాడు, మొత్తం 322 వేశాడు. 1905 నుంచి పాతికేళ్లు యారో కాలర్ల ప్రకటనలూ అతనివే. అప్పట్లో చొక్కాకి కాలర్ విడిగా తగిలించుకునేవాళ్లులే. ఆ బొమ్మల్లోని అందగాడికి అమ్మాయిలు ప్రేమలేఖలు రాసేవారట! మోడల్ చార్లెస్ బీచ్, అతను లైన్‌డెకర్‌కి చివరిదాకా తోడున్నాడు. లైన్‌డెకర్ న్యూయార్క్ దగ్గర న్యూ రోషెల్‌లో పెద్ద ఇల్లు కట్టుకుని దర్జాగా బతికాడు. కానీ మెత్తని కాలర్లు కుట్టిన చొక్కాలు వచ్చేసరికి ఆ ప్రకటనలు ఆగిపోయాయి, 1936 చివర్లో పోస్ట్ ఎడిటర్ లోరిమర్ తప్పుకున్నాక కొత్తవాళ్లు కవర్లు తగ్గించారు, 1943 జనవరితో అవీ అయిపోయాయి. అంతటివాడికే అలా అయింది. 1951లో పోయాక అతని పెయింటింగ్‌లు ఇంటిముందు పెట్టి 75 డాలర్ల చొప్పున అమ్మారని చెబుతారు. 1914లో వేసిన ఒక కవర్ పెయింటింగ్ 2021 వేలంలో 41 లక్షల డాలర్లు దాటింది, ఎవడి జేబులోకో వెళ్లింది.

నేను ఒక వారపత్రికకి వేసిన కవర్ల ఒరిజినల్స్ ఆఫీసు మారినప్పుడు పాత కాగితాలతో పాటు తూకానికి పోయాయి, అడిగితే రసీదు ఉందా అన్నారు. ఆ మంట ఇప్పటికీ ఉంది.

జీతం వద్దనను, ఇంటద్దె ఎవరు కడతారు. కానీ పిల్లల పుస్తకాల పని బయట చేసుకోనివ్వాలని, ఫైళ్లూ స్కెచ్‌లూ నీవేనని, బొమ్మని మరోచోట వాడితే మళ్లీ డబ్బివ్వాలని రాతపూర్వకంగా అడుగు. మొదటిది అసలు వదులుకోకు, మిగతా రెండిట్లో బేరం ఉంటుంది. నోటిమాట నమ్మకు, మెయిల్‌లో రాయించుకో. వాళ్లు పంపిన కాంట్రాక్ట్ ఇవాళే నాకు వాట్సాప్ చెయ్యి, నేను చదివేదాకా సంతకం పెట్టకు.

మామయ్య