గిన్నెడు చన్నీళ్ళు

పాపకు అత్త ఆశీస్సులు. ప్రభువు నామంలో ఇంట్లో అందరికీ వందనాలు.

నీకు మాల్దీవుల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిందని రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత పాఠం చెప్పడానికి సముద్రం దాటి పోతున్న ఆడపిల్లవు నువ్వే. సంతోషంతో ఏడుపొచ్చింది. పడుకున్నాక భయం మొదలైంది, ఇక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు గానీ ఒక్కటీ చెవిన పెట్టవు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు. సర్టిఫికెట్ల అటెస్టేషన్ ఇక్కడే పూర్తి చేసుకో. ఇల్లు ఎవరిస్తారో, ఏడాదికోసారి వచ్చిపోయే టికెట్ ఎవరిస్తారో కాంట్రాక్టులో చదవకుండా సంతకం పెట్టొద్దు. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టొద్దు. కువైట్‌కు పోయినవాళ్ళ ఇళ్ళను ఆ అప్పులు ఏం చేశాయో మన వీధిలోనే చూశావు. ఒళ్ళంతా కప్పే నూలు బట్టలు పెట్టుకో.

సముద్రం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నా. పెన్నలో నీళ్ళొచ్చాయంటే చూడ్డానికి పరుగెత్తే ఊరివాళ్ళం మనం. 1998లో నేను కడపలో జయంతి జనతా రైలు ఎక్కి తిరువనంతపురంలో దిగి, అక్కడి నుంచి విమానంలో మాల్దీవుల రాజధాని మాలే చేరాను. విమానాశ్రయం ఒక దీవిలో, ఊరు ఇంకో దీవిలో. ఇప్పుడున్న వంతెన 2018లో వచ్చింది, అప్పుడు లేదు. దిగగానే ధోనీ అనే పడవ ఎక్కించారు. కళ్ళు గట్టిగా మూసుకుని, అమ్మ ఇచ్చిన రుమాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. నీ దీవికి స్పీడ్‌బోటులో పోవాల్సి వస్తే లైఫ్ జాకెట్ వేసుకో. పక్కవాళ్ళు వేసుకోకపోయినా వేసుకో. ఈ మాట నాకు ఇచ్చాకే పెట్టె సర్దుకో.

రెండో భయం నీ పెన్‌డ్రైవ్. నవ్వకు. 2011లో కేరళ నుంచి పోయిన ఒక టీచరు తన పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ళు బడి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, వాటితో పాటు మరియమ్మ బొమ్మ, భక్తిపాటలు కూడా పొరపాటున ఎక్కాయి. ఇల్లు సోదా చేశారు, బైబిల్, జపమాల దొరికాయి. రెండు వారాలు జైల్లో పెట్టి దేశం నుంచి పంపేశారు. ఆయన ఎవరికీ ఏమీ బోధించలేదు పాపా. నువ్వేమో యూత్ మీటింగ్ పాటలు, ప్రశ్నపత్రాలు అన్నీ ఒకే దాంట్లో వేసుకుంటావు. బడికి వేరేది కొను, కొత్తది. నీ చదువుకు ఒక్క బైబిల్ తీసుకుపోవచ్చా అని ఉద్యోగం ఇచ్చినవాళ్ళను ముందే అడుగు. అడిగాకే పెట్టెలో పెట్టు. ఎవరికోసమో ఇంకొకటి వద్దు, పంచే కాగితాలు అసలే వద్దు.

మన సంఘంలో ఎవరో నీతో "దేవుడు నిన్ను అక్కడికి సువార్త కోసమే పంపుతున్నాడు" అన్నారట. అన్నవాళ్ళు ఇక్కడే ఉంటారు. పోయేది నువ్వు. ఆ దేశంలో రాజ్యాంగం ప్రకారం ఇస్లాం రాజ్యమతం, 2008 రాజ్యాంగం ముస్లిం కానివాళ్ళకు పౌరసత్వమే లేదంటుంది. పరాయివాళ్ళు తమ ఇంట్లో తమ మట్టుకు ప్రార్థించుకోవచ్చు, అంతే. నువ్వు సంతకం పెట్టేది లెక్కలు చెప్పడానికి. ఆ సంతకం నిలబెట్టుకో. గది తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు కదా, నేను అక్కడున్నన్నాళ్ళూ అలాగే చేశాను.

ఆదివారం బడి ఉంటుంది. సెలవు శుక్ర, శనివారాలు. గుడ్ ఫ్రైడేకు ఎటూ సెలవే, ఈస్టరుకే కష్టం. నేనక్కడున్నప్పుడు ఒక ఈస్టరుకు, ఇక్కడ తెల్లవారుజామున మనవాళ్ళంతా కొవ్వొత్తులతో సమాధుల తోటకు పోయుంటారని తెలుసు. నేను ఏడింటికల్లా బోర్డు మీద భిన్నాలు రాస్తున్నా. ఆ ఉదయం సుద్దముక్క రెండుసార్లు చేతిలో విరిగింది. నీకూ అలాంటి ఉదయం వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా మాట్లాడతా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాయనకు కూడా చెప్పలేదు.

కడపలో పుట్టిన నాకు ముస్లింల పద్ధతులు కొత్తేం కాదనుకున్నాను. మన గోడ పక్కిల్లు వాళ్ళదే. రంజాన్‌కు వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వచ్చేది, క్రిస్మస్‌కు మనింటి నుంచి కేకు పోయేది. పెద్ద దర్గా ఉరుసుకు మా క్లాసు పిల్లలందరం కలిసి పోయేవాళ్ళం. రోజా అంటే ఏమిటో, సహరీ ఎప్పుడో, ఇఫ్తార్ ఎప్పుడో నాకొకరు చెప్పాలా అనుకున్నా.

1999 జనవరి చివర్లో, రంజాన్ పండుగ అయిపోయి కొన్ని రోజులకు, నా క్లాసులో పదకొండేళ్ళ పిల్లవాడు బెంచీ మీద తల వాల్చేశాడు. పెదవులు పొడిబారి తెల్లగా ఉన్నాయి. ఎండకు సొమ్మసిల్లాడేమో అనుకున్నాను. నా స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాను. వద్దని తల ఊపాడు. మళ్ళీ ఇచ్చాను. గ్లాసును చేత్తో మెల్లగా పక్కకు జరిపాడు. నాకు కోపం వచ్చింది. టీచరు చెప్పినా వినడా అని, మన బడుల్లో అలవాటైన గొంతుతో గదమాయించి, తల వెనక చెయ్యి పెట్టి గ్లాసు నోటికి ఆనించాను. తాగాడు. మొత్తం తాగాడు, టీచరు మీద భయంతో. తాగుతుంటే కళ్ళనుంచి నీళ్ళు కారి గ్లాసులో పడ్డాయి. క్లాసులో ఒక్క పిల్లా మాట్లాడలేదు.

ఆ గ్లాసు కడుగుతూ నాకు గుర్తొచ్చింది ఏమిటో తెలుసా? చిన్నవారికి గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాళ్ళకు ఫలం పోదన్న మాట. నేను ఆ మాట చేసి చూపించాననుకున్నాను. సంతోషపడ్డాను కూడా.

మధ్యాహ్నం హెడ్మాస్టరు పిలిచి చెప్పాడు. రంజాన్ తర్వాతి నెలలో ఆరు రోజులు ఉపవాసం ఉంటారట. ఆ పిల్లవాడికి అది ఆరో రోజు. ఆ ఏడాదే మొదటిసారి, వాళ్ళ అవ్వతో పాటు పట్టాడు. కడపలో అంతకాలం పక్కనే బతికాను, ఈ ఆరు రోజుల గురించి ఎప్పుడూ వినలేదు. వినలేదు అనడం కూడా తప్పే, ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం వాళ్ళింటికి పోయాను. అవ్వ ఇంటి ముందు తాళ్ళతో అల్లిన కుర్చీలో కూర్చుని ఉంది. నాకు దివేహి రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. చేతులు జోడించి నిలబడ్డాను. ఆమె లేచి లోపలికి పోయి రొషీ అనే రొట్టె, కొబ్బరి కలిపిన చేపలు ఉన్న పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. పిల్లవాడు తలుపు వెనక నుంచి చూశాడు గానీ బయటికి రాలేదు. మర్నాడు మళ్ళీ ఉపవాసం పట్టి ఆ ఆరో రోజు పూర్తి చేశాడట. లెక్కలు బాగా చేసేవాడు, అంతకుముందు లెక్క తేలగానే పలక పట్టుకుని అందరికంటే ముందు నా టేబుల్ దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడు. ఆ ఏడాదంతా మళ్ళీ రాలేదు. పిలిస్తే లేచి నిలబడి జవాబు చెప్పి కూర్చునేవాడు, మర్యాదగా. ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీది నా స్వభావమే. ఎదుటివాళ్ళు ఇబ్బందిలో ఉన్నారని అనిపిస్తే ఆగవు, అడగవు, చేసేస్తావు. మీ అమ్మ జ్వరంలో వద్దంటున్నా గంజి తాగించింది నువ్వే కదా. అందుకే ఇదంతా నీకు.

ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా మా ఇంటికి రా. చెనిక్కాయల పొడి కొట్టి పెడతా, మూత గట్టిగా ఉండే డబ్బా తెచ్చుకో. దివేహి మాటలు తెలుగులో రాసుకున్న నా పాత నోటుబుక్కు బీరువాలో దొరికింది, అదీ ఇస్తాను. మొదటి పేజీలోనే ఉంటుంది, నీళ్ళంటే 'ఫెన్' అని. ఉపవాసాన్ని 'రోద' అంటారు. అది మాత్రం చాలా పేజీల తర్వాత ఉంది, జనవరి నెలాఖరు తేదీ కింద.

మీ అత్త
కడప